నలుపు తెలుపు బొమ్మకు రంగులద్దడం ఎలా?
(కంప్యూటర్ చిత్రలేఖనంపై ఒక పరిచయ వ్యాసం)



వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్‌లో చార్టులు, స్కెచ్ పెన్నులు, పోస్టర్ కలర్లు బయటికి వస్తాయి. బొమ్మలు వేసే చెయ్యి ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురికి ఉంటుంది. పెన్సిల్ షేడింగ్‌తో చూడముచ్చటగా వచ్చిన బొమ్మ రంగులు వేయగానే పాడైపోవడం మనందరం చూసిందే. "పెన్సిల్‌తోనే వదిలేస్తే బాగుండేది కదరా" అనే మాట ప్రతి ఏడూ ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. అలా ఎందుకు జరుగుతుంది? ముందు నలుపు తెలుపుల్లో గీసి, తర్వాత దానికే కంప్యూటర్‌లో రంగులు వేయాలంటే ఏం చేయాలి? ఈ వ్యాసంలో ఆ సంగతులు చెప్పుకుందాం.

నేను పేరున్న చిత్రకారుణ్ని కాదు. ఇక్కడే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పి.జి. చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ని. కంప్యూటర్ బొమ్మలు నేర్చుకోవడానికి నేను ఏ ఇన్‌స్టిట్యూట్‌కీ ఫీజు కట్టలేదు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, మామూలు మౌస్, అందరూ పడుకున్నాక ఖాళీగా ఉండే ఒక కంప్యూటర్ - ఇవే నా పెట్టుబడి. కాబట్టి ఇందులో చెప్పేవన్నీ మీరూ చేయగలిగినవే.

ముందు నలుపు తెలుపు ఎందుకు?

ఏ రంగుకైనా మూడు గుణాలు ఉంటాయి. ఒకటి వన్నె: ఎరుపా, పసుపా, నీలమా అన్నది. రెండోది గాఢత: కుంకుమలా చిక్కగా ఉందా, ఉతికిన గుడ్డలా వెలిసిపోయిందా అన్నది. మూడోది ఛాయ: ఎంత ముదురు, ఎంత లేత అన్నది. బొమ్మలో మనిషి ముక్కు ముందుకు పొడుచుకు వచ్చినట్టు, కుండ గుండ్రంగా ఉన్నట్టు మనకు అనిపించేది ఎక్కువగా ఈ మూడో గుణం వల్లే.

దీనికి కంటిలోనే ఆధారం ఉంది. మన కంటి వెనక పొరలో రెండు రకాల కణాలుంటాయి. దండాల్లాంటివి సుమారు 12 కోట్లు. ఇవి వెలుగు చీకట్లను పట్టుకుంటాయి గాని రంగును గుర్తించలేవు. శంకువుల్లాంటివి సుమారు 60 లక్షలు. రంగును గుర్తించేవి ఇవే. వెన్నెల రాత్రి ఊళ్లో నడుస్తుంటే ఎదురుగా వచ్చే మనిషిని గుర్తుపడతాం గాని అతని చొక్కా ఏ రంగో చెప్పలేం. అంటే రంగు లేకపోయినా ఆకారం తెలుస్తుంది. ఛాయ తప్పితే మాత్రం ఎంత మంచి రంగు వేసినా ఆకారం నిలబడదు.

అందుకే చాలామంది కంప్యూటర్ చిత్రకారులు పనిని రెండుగా విడగొడతారు. ముందు బూడిద రంగుల్లో వెలుగు నీడల లెక్క తేల్చుకుంటారు. అది సరిపోయాక రంగు గురించి ఆలోచిస్తారు. ఇది కొత్త పద్ధతి కూడా కాదు. యూరప్‌లో తైలవర్ణ చిత్రకారులు ముందు బూడిద రంగులో బొమ్మ పూర్తి చేసి, దానిమీద పల్చని రంగు పూతలు వేసేవారు. బూడిద రంగు బొమ్మను ఫ్రెంచివాళ్లు గ్రిజాయ్ అంటారు. బెల్జియంలోని గెంట్ నగరంలో 1432లో పూర్తయిన ప్రసిద్ధ చర్చి చిత్రపటం తలుపుల మీద, రాతి విగ్రహాల్లా కనిపించే అలాంటి బూడిద బొమ్మలు ఈనాటికీ ఉన్నాయి.

ఒక్కో రంగుకు ఒక్కో బరువు

కంప్యూటర్ తెర మీద ప్రతి చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల కలయిక. మామూలు బొమ్మలో ఒక్కో వెలుగుకు 0 నుంచి 255 దాకా 256 మెట్లు ఉంటాయి. మూడింటినీ గుణిస్తే 1,67,77,216 రంగులు. నలుపు తెలుపు బొమ్మలో అయితే మూడు అంకెలూ సమానంగా ఉంటాయి కాబట్టి ఉండేవి 256 ఛాయలే. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు.

ఇప్పుడు అసలు కీలకం. మూడు వెలుగులూ కంటికి ఒకే ప్రకాశంతో కనిపించవు. రంగును బూడిదగా మార్చేటప్పుడు ఎరుపును 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడతారు. రంగుల టీవీ ప్రసారాన్ని నలుపు తెలుపు టీవీల్లో కూడా చూడగలిగేలా చేసిన లెక్క ఇది. కొత్త తెరలకు ఈ అంకెలు కొద్దిగా మారతాయి గాని వరుస మారదు: ఆకుపచ్చకు ఎక్కువ, నీలానికి తక్కువ.

ఈ లెక్క ప్రకారం నిండు పసుపు (ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 0) బూడిదలో 226 అవుతుంది. నిండు ఎరుపు 76. నిండు నీలం 29 మాత్రమే. అంటే పసుపు పుట్టుకతోనే లేత, నీలం పుట్టుకతోనే ముదురు. మీరు షేడింగ్‌లో 60 ఛాయ వేసిన చోట నిండు పసుపు పూస్తే ఆ చోటు ఒక్కసారిగా 226కి ఎగిరిపోతుంది. షేడింగ్ మొత్తం చెడిపోతుంది. చార్టు మీద మన బొమ్మలు పాడవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. తప్పు రంగు ఎంపికలోనే ఉండనక్కర్లేదు. రంగుతో పాటు ఛాయ కూడా మారిపోవడమే చాలు.

ఇంకో లెక్క చూడండి. ఎరుపు 255 బూడిదలో 76 అన్నాం కదా. ఆకుపచ్చ 130 తీసుకుంటే, 130ని 0.587తో గుణిస్తే వచ్చేది కూడా 76. అంటే నలుపు తెలుపు ఫొటోలో ఎర్ర చీర, ముదురు ఆకుపచ్చ చీర అచ్చం ఒకేలా ఉండవచ్చు. ఎంత ముదురో ఫొటో చెబుతుంది. ఏ రంగో చెప్పదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మిగతా వ్యాసమంతా దీనిమీదే నడుస్తుంది.

మాయాబజార్ చెప్పే పాఠం

మనందరికీ తెలిసిన ఉదాహరణ మాయాబజార్. కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ఈ సినిమా 1957లో నలుపు తెలుపుల్లో విడుదలైంది. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దీనికి కంప్యూటర్ సాయంతో రంగులు వేయించగా, ఆ ప్రతి 2010 జనవరి 30న థియేటర్లకు వచ్చింది. అంతకుముందు 2004లో హిందీ చిత్రం మొఘల్-ఎ-ఆజమ్ కూడా ఇలాగే పూర్తి రంగుల్లో మళ్లీ విడుదలైంది.

మాయాబజార్ రంగుల ప్రతి చూసినప్పుడు ఒక సంగతి గమనించండి. నగల తళుకు, వెన్నెల్లో నీటి మెరుపు, ఘటోత్కచుడి కండల గుండ్రదనం - ఇవేవీ 2010లో పుట్టినవి కావు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దీపాలు అమర్చి 1957 నాటికే ఫిల్ము మీద రాసిపెట్టిన వెలుగు నీడలు అవి. రంగులు వేసినవారు ఆ ఛాయలకు లోబడి పనిచేయాలి. అయితే పట్టుబట్ట ఆకుపచ్చా, ఎరుపా అన్నది ఫిల్ములో లేదు. దాన్ని మనుషులే కూర్చుని నిర్ణయించాలి. ఆ రంగులు చూసి మురిసిపోయినవారూ ఉన్నారు, పాతదే బాగుందన్నవారూ ఉన్నారు.

పని మొదలు పెడదాం

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లలో గింప్, క్రిటా ముఖ్యమైనవి. గింప్‌ను 1990ల మధ్యలో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు తయారు చేశారు. పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. క్రిటా ప్రత్యేకంగా బొమ్మలు గీసేవాళ్ల కోసం చేసింది. ఫోనులో అయితే ఐబిస్ పెయింట్‌లో కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. గీసే టాబ్లెట్ ఉంటే మంచిదే. లేకపోయినా, నలుపు తెలుపు బొమ్మను కాగితం మీద పెన్సిల్‌తో వేసి, పగటి వెలుగులో ఫొటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చు. రంగులద్దే పనికి మౌస్ చాలు.

1. ముందుగా బొమ్మ ఏ పద్ధతిలో ఉందో చూడండి. గింప్‌లో ఇమేజ్ మెనూలో మోడ్ అని ఉంటుంది. అక్కడ గ్రేస్కేల్ అని ఉంటే ఆర్.జి.బి.గా మార్చండి. లేకపోతే ఎంత ఎరుపు పూసినా బూడిదే పడుతుంది. కొత్తవాళ్లు గంటలు గంటలు కుస్తీ పట్టేది ఇక్కడే.

2. బొమ్మలో కటిక నలుపు, తెల్లటి తెలుపు ఎక్కువగా లేకుండా చూసుకోండి. 0 దగ్గర, 255 దగ్గర రంగుకు చోటే ఉండదు. ఛాయలన్నీ సుమారు 20 నుంచి 235 మధ్య ఉంటే రంగు బాగా పడుతుంది. కంటి నల్లగుడ్డులో చుక్కంత నలుపు, మెరుపు దగ్గర చుక్కంత తెలుపు ఉంటే ఫరవాలేదు.

3. నలుపు తెలుపు బొమ్మ మీద ఎప్పుడూ నేరుగా రంగు వేయకండి. దానిపైన కొత్త లేయర్ తెరవండి. లేయర్ అంటే రికార్డు పుస్తకంలో బొమ్మ మీద పరిచే ట్రేసింగ్ పేపర్ లాంటిది. పై కాగితం చెడిపోతే తీసి పారేయవచ్చు, కింది బొమ్మ చెక్కుచెదరదు. ముఖానికి ఒకటి, బట్టలకు ఒకటి, వెనక ఉన్న చెట్టూ చేమకు ఒకటి చొప్పున విడివిడిగా పెట్టుకోండి.

4. ప్రతి లేయర్‌కు ఒక బ్లెండ్ మోడ్ ఉంటుంది. పై రంగు కింది ఛాయతో ఎలా కలవాలో చెప్పే మీట అది. మామూలుగా నార్మల్ అని ఉంటుంది; అంటే పైది కిందిదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. మనకు కావలసింది అది కాదు.

5. అన్నిటికంటే పైన ఇంకో లేయర్ తెరిచి, దాన్ని పూర్తిగా బూడిద రంగుతో నింపి, దాని మోడ్‌ను కలర్‌గా (గింప్‌లో ఎల్.సి.హెచ్. కలర్‌గా) మార్చండి. అది ఉన్నంతసేపు బొమ్మంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది. పక్కనున్న కన్ను గుర్తును నొక్కి దాన్ని మూస్తూ తెరుస్తూ ఉండండి. రంగులు వేశాక కూడా ఈ లేయర్ కింద బొమ్మ మొదట్లో ఉన్నట్టే కనిపిస్తే మీ ఛాయ చెడలేదన్నమాట. ఇది మన కాపలాదారు. పని పూర్తయ్యాక తీసేయవచ్చు.

మూడు మోడ్లు చాలు

సాఫ్ట్‌వేర్‌లో ముప్పైకి పైగా మోడ్లు కనిపిస్తాయి. చూసి కంగారు పడకండి. మన పనికి మూడు చాలు.

కలర్: ఇది పై లేయర్ నుంచి వన్నెను, గాఢతను తీసుకుంటుంది. ఛాయను కింది బొమ్మ నుంచే తీసుకుంటుంది. అంటే షేడింగ్ చెడకుండా రంగు పడుతుంది. గింప్‌లో హెచ్.ఎస్.ఎల్. కలర్, ఎల్.సి.హెచ్. కలర్ అని రెండు కనిపిస్తాయి. రెండోది కంటికి కనిపించే ఛాయను బాగా కాపాడుతుంది కాబట్టి దాన్నే వాడండి. మొదటి పూత ఈ మోడ్‌లో వేయాలి.

మల్టిప్లై: పేరులోనే ఉంది, గుణకారం. పై అంకెను కింది అంకెతో గుణించి 255తో భాగిస్తుంది. కింద 128, పైన 200 ఉంటే ఫలితం దాదాపు 100. కాబట్టి ఇది బొమ్మను ముదురు చేస్తుందే గాని ఎప్పుడూ లేత చేయదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దీపం వెలుగు రంగు తోలులోంచి వచ్చి తెర మీద రంగుగా పడుతుంది. రెండు బొమ్మల తోళ్లు ఒకదాని మీద ఒకటి వస్తే ఆ చోటు ముదురవుతుంది. మల్టిప్లై అదే పని చేస్తుంది. నీడలకు ఇది బాగుంటుంది.

ఓవర్‌లే: కింద ముదురుగా ఉన్నచోట ముదురు చేస్తుంది, లేతగా ఉన్నచోట ఇంకా లేత చేస్తుంది. ఎండ పొడ పడ్డట్టు చూపించడానికి పనికొస్తుంది. ఎక్కువైతే ముఖం నూనె రాసినట్టవుతుంది. అందుకని లేయర్ పక్కనుండే ఒపాసిటీని 20, 30 శాతానికి తగ్గించి వాడాలి.

చామనఛాయకు ఏ రంగు?

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన చోటికి వచ్చాం. మనిషి ముఖం.

మా తాతకు ఉన్నది ఒక్కటే ఫొటో. పాస్‌పోర్టు సైజు, నలుపు తెలుపు. ఆయన పోయాక దాన్ని పెద్దది చేయించి రంగులు వేయించాలని మా నాన్న ఒక స్టూడియోలో ఇచ్చాడు. రెండు రోజుల కూలి డబ్బులు అయ్యాయి. ఫ్రేము కట్టించి ఇంటికి తెస్తే మా నాయనమ్మ చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన? ఏ సినిమావోడు?" అంది. ముఖం గులాబీ రంగు. పెదాలు ఎరుపు. భుజం మీద కండువా నీలం. నలభై ఏళ్లు ఎండలో అరక తోలిన మనిషి ముఖం మీద ఎండ ఆనవాలు కూడా లేదు. ఆ ఫ్రేము గోడకెక్కలేదు. బట్టల పెట్టె వెనక ఉండిపోయింది.

అలా ఎందుకు అవుతుందో లెక్క వేసి చూద్దాం. చామనఛాయ ముఖానికి ఎరుపు 120, ఆకుపచ్చ 75, నీలం 50 అనుకుందాం. బూడిదలో అది 86. రంగుల పెట్టెల్లో 'స్కిన్' అనే పేరుతో వచ్చే లేత గులాబీ రంగు సుమారు 240, 200, 170 ఉంటుంది. బూడిదలో అది 209. ఆ రంగును నార్మల్ మోడ్‌లో పూస్తే ముఖం 86 నుంచి 209కి మారుతుంది. ఇది చిన్న సవరణ కాదు, 123 మెట్లు. ఇంత మారాక అక్కడున్నది వేరే మనిషే. నాయనమ్మ అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ క్రేయాన్ల పెట్టెలో ఒక లేత రంగుకు ఫ్లెష్, అంటే ఒంటి రంగు, అని పేరు పెట్టి అమ్మేది. ఒళ్లంటే ఆ ఒక్క రంగేనా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు కదా. 1962లో ఆ పేరును పీచ్ అని మార్చారు. ఫోనుల్లో మనం పంపుకునే చెయ్యి, ముఖం బొమ్మలకు ఐదు ఒంటి ఛాయలు ఎంచుకునే వీలు 2015లో గాని రాలేదు. రంగు పెట్టె మీద పేరు రాసినవాడు ఎవరిని చూసి రాశాడన్నది ముఖ్యం. మనం చూడాల్సింది పెట్టెను కాదు, మనిషిని.

చామనఛాయకు నేను వాడే నాలుగు మెట్లు ఇస్తున్నాను. ఆవరణంలో ఉన్నది బూడిదలో దాని ఛాయ.

నీడ: 45, 25, 30 (32)
మధ్య ఛాయ: 120, 75, 50 (86)
ఎండ పడ్డచోటు: 190, 135, 95 (147)
మెరుపు: 225, 220, 225 (222)

క్రిటాలో గ్రేడియంట్ మ్యాప్ అనే ఫిల్టర్ ఉంది. ఏ ఛాయకు ఏ రంగో పై వరుసలో పెట్టి చూపిస్తే, ముఖంలోని ప్రతి బూడిద చుక్కకూ దాని ఛాయకు తగ్గ రంగును అదే వేస్తుంది. గింప్‌లో కూడా కలర్స్ మెనూలో మ్యాప్ కింద ఇదే పేరుతో ఉంది. మీ గీతకు తగ్గట్టు అంకెలు మార్చుకోండి. ఇంకా ముదురు ఛాయ మనిషి అయితే మధ్య ఛాయను 60 దాకా దించాలి. మెరుపును మాత్రం దించకండి. ముదురు చర్మం మీద నుదురు, ముక్కు కొస, చెంప ఎముక దగ్గర మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మెరుపులో ఆకాశపు వెలుగు ఉంటుంది కాబట్టి అది పసుపు కాదు, కొంచెం నీలి తెలుపు. ఈ చిన్న సంగతి తెలియక చాలామంది నల్లని ముఖాన్ని మట్టిముద్దలా చేస్తారు.

పాత ఫొటో చూసి గీసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఫొటో కూడా ఒక్కోసారి లైటును బట్టి ముఖాన్ని తెల్లగానో నల్లగానో చూపిస్తుంది. అందుకని ముఖాన్ని ఒక్కదాన్నే చూడకండి. అదే ఫొటోలో ఉన్న తెల్ల చొక్కాతో, తలవెంట్రుకలతో పోల్చి చూడండి. చొక్కాకు, జుట్టుకు మధ్య ముఖం ఎక్కడ నిలబడిందో చూసి ఛాయ తేల్చుకోండి.

రంగు బతకాలంటే

కలర్ మోడ్‌లో ఒకే గోధుమ రంగు పూసి ఆపేస్తే ముఖం బొమ్మలాగే ఉంటుంది, ప్రాణం రాదు. ఎందుకంటే నిజంగా ఏ ముఖమూ ఒకే రంగులో ఉండదు. నుదురు కొంచెం పసుపు వైపు ఉంటుంది. చెంపలు, ముక్కు, చెవులు కొంచెం ఎరుపు వైపు ఉంటాయి. అక్కడ చర్మం కింద రక్తం ఎక్కువ. గడ్డం ఉన్న మగవాళ్లకు దవడ దగ్గర నీలి బూడిద కనిపిస్తుంది. ముదురు ఛాయ ముఖంలో చెంప ఎరుపు గులాబీలా కాక మాగిన నేరేడు, ఇటుక రంగుల మధ్య ఉంటుంది. ఎండకు ఎదురుగా ఉన్న చెవి అంచు కొద్దిగా ఎర్రగా వెలుగుతుంది. మీ పక్క మంచం మీద కూర్చున్న మిత్రుణ్ని సాయంత్రం ఎండలో ఒకసారి చూడండి, తెలుస్తుంది.

తర్వాతది వెలుగు రంగు. మిట్టమధ్యాహ్నం ఎండ పసుపు వైపు ఉంటే నీడలో ఆకాశపు నీలం ఉంటుంది. మన ఎర్ర నేలల్లో ఎండ నేల మీద పడి పైకి తిరిగి వస్తుంది. పొలంలో నిలబడ్డ మనిషి గడ్డం కింద ఆ ఎరుపు సన్నగా కనిపిస్తుంది. నీడ అంటే నలుపు అనుకుని నల్ల రంగు పూస్తే బొమ్మ మసిబారుతుంది. నీడ లేయర్‌ను మల్టిప్లైలో పెట్టి, నలుపుకు బదులు వెలిసిన ఊదా రంగు వేసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. వేశాక కాపలాదారు లేయర్ తెరిచి ఛాయ సరిచూసుకోవడం మరవకండి.

యంత్రం వేసే రంగులు

"ఇంత శ్రమ ఎందుకన్నా, ఫోనులో ఒక్కసారి నొక్కితే రంగులు వస్తున్నాయి కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. 2016 నుంచి కంప్యూటర్‌కు లక్షల కొద్దీ రంగుల ఫొటోలు చూపించి, నలుపు తెలుపు ఫొటోకు రంగు ఊహించడం నేర్పే పద్ధతులు వేగంగా పెరిగాయి. 2018లో వచ్చిన డీఓల్డిఫై వంటివి ఉచితంగానే దొరికాయి. ఆకాశం నీలం, గడ్డి ఆకుపచ్చ - ఇలాంటివి యంత్రం చక్కగానే వేస్తుంది.

కాని పైన చెప్పిన లెక్క గుర్తుందా? ఎర్ర చీర, ఆకుపచ్చ చీర బూడిదలో ఒకటే. ఫొటోలో లేని సంగతిని యంత్రం చదవలేదు, ఊహించగలదు. తాను చూసిన ఫొటోల్లో ఎక్కువసార్లు ఏది ఉందో దాన్నిబట్టి ఊహిస్తుంది. దానికి చూపించిన ఫొటోల్లో మన ఊళ్లు, మన మనుషులు తక్కువైతే మన రంగులు దానికి తట్టవు. అడగాల్సిన మనిషి వేరే ఉంటారు.

తాత ఫొటో చూసి నేను కంప్యూటర్‌లో బూడిద రంగుల్లో బొమ్మ గీశాక, రంగులు మొదలుపెట్టే ముందు నాయనమ్మను అడిగాను. "నీలం కండువా ఎక్కడిది? ఎర్ర తువ్వాలు. ఉతికి ఉతికి ఇటుక రంగుకొచ్చింది" అంది. చొక్కా తెలుపు కాదట, పంచాయతీ ఎన్నికలప్పుడు కుట్టించిన గోధుమరంగు చొక్కాయట. ఆ రెండు రంగులూ ఫొటోలోని ఛాయలకు సరిగ్గా అతికాయి. పూర్తయిన బొమ్మ చూపిస్తే, "మెడ దగ్గర ఇంకొంచెం నలుపు వెయ్యి, ఎండకు కమిలింది" అని చెప్పింది. ఈసారి ఎవరని అడగలేదు.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి ఫొటోలు ఒకటో రెండో ఉంటాయి. వాటి రంగులు తెలిసినవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు. వాళ్లు ఉన్నప్పుడే అడిగి ఫొటో వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. రంగులు వేయడం తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

మనం ఎంచుకునేది, మనం మార్చకూడనిది

మన హాలులో అంబేడ్కర్ గారి చిత్రపటం ఉంది. ఆయన ఫొటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపువే. నీలి కోటు ఆ ఫొటోల్లోంచి వచ్చింది కాదు. ఆయన 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ జెండా నీలం. ఆ రంగుతోనే జనం ఆయన్ని తలుచుకుంటున్నారు. చిత్రకారులు కోటుకు అదే వేశారు. దాన్ని తప్పు అనలేం. వన్నె ఫొటోలో ఉండదు కాబట్టి ఎవరో ఒకరు ఎంచుకోవాలి, జనం ఎంచుకున్నారు.

అవే క్యాలెండర్లలో ఆయన ముఖాన్ని ఒక్కోసారి గులాబీ తెలుపు చేసి ఉంటారు. అది వేరే సంగతి. ముఖం ఎంత ముదురో, ఎంత లేతో ఫొటో ముందే చెప్పింది. దాన్ని మార్చితే అందంగా చేసినట్టు కాదు, చెరిపినట్టు. బట్టల రంగు మన చేతిలో ఉంది, ముఖం ఛాయ మన చేతిలో లేదు. రంగులద్దేవాడికి ఈ రెండింటి తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

చివరగా మూడు అభ్యాసాలు

మొదటిది: ఒక కుండను గాని, బంతిని గాని కిటికీ పక్కన పెట్టి ఐదు బూడిద ఛాయల్లో గీయండి. దానికి కలర్ మోడ్‌లో ఎరుపు, నీలం, పసుపు వేరువేరుగా వేసి, ప్రతిసారీ కాపలాదారు లేయర్‌తో సరిచూడండి.

రెండోది: ఒకే ముఖాన్ని మూడు ప్రతులు తీసుకుని ఉదయపు ఎండలో, ట్యూబ్‌లైటు కింద, దీపం వెలుగులో ఉన్నట్టు రంగులు వేయండి. ముఖం ఛాయ అదే, వెలుగు రంగు మాత్రమే మారాలి.

మూడోది: మీ ఇంట్లోవాళ్లలో ఒకరి బొమ్మ వేయండి. రంగులు వాళ్లనే అడిగి వేయండి. పూర్తయ్యాక వాళ్లకే ముందు చూపించండి. మార్కులు వేయాల్సింది వాళ్లే.

వారానికి రెండు గంటలు కూర్చుంటే నాలుగైదు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. సందేహాలుంటే సెలవులకు నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, తెలిసినంతవరకు చెబుతాను. వచ్చే ఏడాది వార్షికోత్సవ సంచిక అట్ట మీద మీలో ఎవరిదో ఒకరి రంగుల బొమ్మ ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.